నంబరు ఏ వైపు

ఆఫీసులో ఆమెను అందరూ కోణాలమ్మ అంటారు. ఎగతాళిగా పుట్టిన ఆ పేరు నాలుగైదేళ్ళలో గౌరవంగా స్థిరపడింది. ఈ కథ ఆమె నాతో చెప్పినదే. చెబుతున్నంతసేపూ ఆమె నా ముఖం చూడలేదు, ఒళ్ళో ఉన్న చేతిసంచీ పట్టీని మడుస్తూ, విప్పుతూ కూర్చుంది. వాక్యాలు నావి, తప్పు మాత్రం తనదేనని రాయమని ఆమె రెండుసార్లు కోరింది.

వంపు తిరిగిన పైకప్పులను కంప్యూటరు మీద పలకలుగా విడగొట్టడం ఆమె వృత్తి. బల్లపరుపు నేల మీద ఆరు మూలల బిళ్ళలు పరచడం తేనెటీగకు కూడా వచ్చిన విద్యే. అక్కడ అన్నీ ఒకే కొలతలో ఉంటాయి, ఏది ఎక్కడ పెట్టినా అతుకుతుంది. అదే పని గుమ్మటం మీద చేయబోతే బిళ్ళలు మాట వినవు. వంపు ఎక్కువైన చోట ఒకటి ముడుచుకుంటుంది, తక్కువైన చోట మరొకటి సాగుతుంది. జీను వంటి పల్లం తగిలితే ఆరు మూలల బిళ్ళ నడుము నొక్కుకుని డమరుకంలా తయారవుతుంది. కనుక చూపుకు కవలల్లా ఉన్నా ఏ రెండు పలకలూ ఒకటి కావు. ప్రతి పలకకూ ఒక నంబరు ఉండాలి. దాని ఆరు అంచుల మీద ఆనుకుని ఉండే ఆరు పలకల నంబర్లూ ఉండాలి. ఈ లెక్కలలో ఆమె చేయి తిరిగినది.

ఆ చేయి తిరగడం కాలేజీలో మొదలు కాలేదు. ఆమె తల్లి దర్జీ. ఇంటి ముందు గదిలో కుట్టుమిషను, పక్కన కత్తిరింపు బల్ల, ఆ బల్ల కింద ఈమె బాల్యం. పైనుంచి రాలిన ముక్కలను ఏరుకుని, అట్టముక్కతో కొలత పెట్టి, ఆరు మూలలుగా కత్తిరించడం ఆమె ఆట. తొమ్మిదేళ్ళ వయసులో ఒక గుండ్రటి దిండుకు ఆ ముక్కలతో గలీబు కుట్టబోయింది. దిండు నడినెత్తిన అంతా బాగానే ఉంది. పక్కలకు దిగేసరికి గుడ్డ ముడతలు పడి, ఎక్కువై, ఎటు లాగినా ఇంకొకవైపు ఉబ్బింది. ఏడుస్తూ తల్లి దగ్గరకు పోతే ఆవిడ నవ్వింది.

"దిండు గుండ్రంగా ఉంటే ముక్కలన్నీ ఒకే కొలతలో కోశావేమే తిక్కమొహమా? దిగేకొద్దీ గుడ్డను కుట్టులోకి మింగుతూ రావాలి. ఇటివ్వు."

కాలేజీలో మేష్టారు పలకల పాఠం చెప్పిన రోజున తరగతి మొత్తంలో అర్థమైనది ఆమెకొక్కతెకే. ఎలా అర్థమైందని అడిగితే మాత్రం పుస్తకంలో చదివానన్నది. ఆఫీసులో చేరిన కొత్తలో ఎవరో మీ అమ్మగారు ఏం చేస్తారని అడిగారు. "బట్టల డిజైనరు" అన్నది. పూర్తిగా అబద్ధం కాదని తనకు తాను సర్దిచెప్పుకుంది. ఆ తరువాత ఇంటికి సహోద్యోగులను పిలవడం మానుకుంది. జాకెట్లు, స్కూలు నిక్కర్లు కుట్టబడునని తల్లి తన చేతిరాతతో తలుపుకు తగిలించిన బోర్డు వాళ్ళ కంట పడకూడదు గదా.

ఆ నిజం తెలిసినవాడు వృత్తి వైపు నుంచి ఒక్కడే. ఆఫీసుకు రేకు పలకలు చేసిపెట్టే వర్క్‌షాపులో ఆయనను రేకుల తాత అంటారు. రేకు కోయడం, అంచులు మడవడం నలభై రెండేళ్ళుగా ఆయన పని. ఒక మధ్యాహ్నం కొలతలు సరిచూసుకోవడానికి వెళ్ళినప్పుడు ఆయన కాగితం మీద రేకు ఆకారం గీసి, కత్తెర పట్టుకున్న తీరు చూసి ఆమె ఆగలేకపోయింది.

"అచ్చం మా అమ్మలాగే పట్టుకున్నారు తాతా! మా అమ్మ దర్జీ."

"అలా చెప్పు! నీ గీతల్లో ఆ గుణం ఎక్కణ్ణించి వచ్చిందా అనుకున్నాను. అయితే మనం మనం ఒకే కులవృత్తి అన్నమాట. ఆవిడ మెత్తటిది కోస్తుంది, నేను గట్టిది కోస్తాను." ఆయన మాట పూర్తి కాకముందే తన కళ్ళజోడు కోసం బల్లంతా తడమసాగాడు. కళ్ళజోడు ఆయన నుదుటి మీదే ఉంది.

"తాతా, నెత్తికి కూడా చూపు మందగించిందా?" అని పక్కనున్నవాళ్ళు ఘొల్లున నవ్వారు. ఆయనా నవ్వాడు. నవ్వాడుగాని, ఆ నవ్వులో ఒక మూల చిన్న బెదురు ఉన్నదని ఆమెకు అప్పుడే తోచింది. డెబ్బయికి దగ్గరపడినవాడు. ఆయన అన్నగారు చివరి రోజులలో సొంత పిల్లలనే గుర్తుపట్టలేకపోయాడట.

తరువాతి ఏడాది ఒక గ్రంథాలయంలో చదువుకునే గదికి పైకప్పు వేసే పని వచ్చింది. పొడుగునా కోసిన గుడ్డు పెంకును బోర్లించినట్లుండే కప్పు. శిఖరం మాత్రం నడిమధ్యన కాక ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. ఒరిగిన వైపున ఏడు పలకలు గాజువి, పిల్లల బల్లల మీదకు వెలుతురు దిగడానికి. మొత్తం రెండువందల పధ్నాలుగు పలకలు. రేకు పలకకు ఆరు అంచులూ లోపలికి మడిచి, పక్క పలక అంచుతో కలిపి బోల్టు బిగించాలి. ఆమె మూడు నెలలు కూర్చుని గీసింది. ఆమె గీతలో నంబర్లన్నీ పలకకు బయటివైపున ఉన్నాయి. ఎందుకంటే తెర మీద ఆమె కప్పును ఎప్పుడూ బయటినుంచే చూస్తుంది. చివర రంగు పూస్తే అవి కనబడవని ఆమె లెక్క. అయితే ఆ బయటివైపు అన్న మాట కాగితం మీద ఎక్కడా రాయలేదు.

నంబరు బయటివైపు ఉంటే అంచులను నంబరుకు అవతలివైపుకు మడవాలి. నంబరు లోపలివైపు ఉంటే నంబరు వైపుకే మడవాలి. ఈ రెండింటికీ తేడా, మనకూ అద్దంలో మన బొమ్మకూ ఉన్నంత.

తాతకు ఆ సందేహం వచ్చింది. ఫోన్ చేశాడు. ఆ సమయంలో ఆఫీసు గదిలో గ్రంథాలయం తాలూకు పెద్దలు నలుగురు, ఆఫీసు యజమాని పెద్ద సారు, ఇంజినీరు కూర్చుని ఉన్నారు. ఆమె నిలబడి తెర మీద కప్పును తిప్పి చూపుతోంది. ఫోను మూడుసార్లు మోగితే ఎత్తింది.

"కోణాలమ్మా, ఒక్క ముక్క. నంబరు మంచివైపు పడుతుందా, లోపలివైపు పడుతుందా? మీ అమ్మగారు బట్టకి సుద్దగీత లోపలివైపు గీస్తారు చూడు, అలాగేనా?"

ఆయన గొంతు సహజంగానే పెద్దది. రేకుల మోతలో బతికిన గొంతు. సుద్దగీత అన్న మాట గదిలో అందరికీ వినబడిందేమోనని ఆమె భయపడింది. ఫోనును చెవికి అదుముకుని గోడ వైపు తిరిగింది.

"అంతా ఎప్పటిలాగే చెయ్యండి తాతా. నేను పనిలో ఉన్నాను."

పెట్టేసింది. ఎవరూ వినలేదని వాళ్ళ ముఖాలు చూసి తేల్చుకుని ఊపిరి పీల్చుకుంది. ఆ సాయంత్రానికి ఆ ఫోను సంగతే మరచిపోయింది.

పది రోజుల తరువాత వర్క్‌షాపు నుంచి ఫొటో వచ్చింది. మధ్య ఒక పలక, చుట్టూ ఆరు, అంచుల నంబర్లు చూసి నేల మీద జత చేసినవి. వాళ్ళు దానిని పువ్వు అంటారు. వెంట్రుకవాసి సందు లేదు. ఉండదు మరి! పలకలన్నీ ఒకే తీరున తిరగబడితే వాటిలో అవి అతుక్కుంటూనే ఉంటాయి. ఫొటో బయటివైపు నుంచి తీసినది. అందులో ఒక్క నంబరూ కనబడకపోవడాన్ని ఆమె గమనించలేదు. "బ్రహ్మాండం తాతా" అని కబురు పంపింది.

కట్టడం దగ్గర గోడల మీద చుట్టూ గుడ్డు ఆకారపు ఉక్కు చట్రం బిగించి ఉంది. తొలి వరస పెట్టబోతే ఒకటో నంబరు పక్కన కుడివైపు రావలసిన రెండో నంబరు ఎడమవైపు వస్తానంటోంది. చట్రం మీది బోల్టులకూ అంచులకూ పొత్తు లేదు. ఇంజినీరు రెండు గంటలు టేపు పట్టుకుని తిరిగి చివరకు ఒక పలకను చేతిలో తిప్పి చూసి కేకపెట్టాడు.

"అన్నీ తిరగ మడిచారండీ! ఒక్కటి కాదు, అన్నీ!"

టార్పాలిన్ నీడలో అందరూ చేరారు. పెద్ద సారు సాధారణంగా గొంతు పెంచడు; ఆ రోజూ పెంచలేదు.

"నలభయ్యేళ్ళ పనివాడివి. సందేహం ఉంటే అడగాలి కదా తాతా?"

"అడిగానండి. కోణాలమ్మకి ఫోన్ చేశాను. ఎప్పటిలాగే అంది, అంటే లోపలివైపే గదా అనుకున్నాను. ఆ రోజు సుద్దగీత మాట కూడా..."

"నాకు గుర్తు లేదండీ."

తన గొంతు అంత త్వరగా, అంత స్పష్టంగా ఎలా పలికిందో ఆమెకు నేటికీ తెలియదు. ఆ క్షణంలో ఆమెకు రెండువందల పధ్నాలుగు పలకలు కనబడలేదు, తాత కనబడలేదు. కత్తిరింపు బల్ల, తలుపు మీది బోర్డు, వీళ్ళందరూ వినబోతున్న మరుసటి మాట, ఇవే కనబడ్డాయి.

"ఫోన్ చేసి ఉండొచ్చు. ఈ మాటే అడిగావా? బాగా ఆలోచించుకో" అన్నాడు ఇంజినీరు.

తాత ఆమె ముఖంలోకి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. లెక్కలో ఎక్కడ తప్పిందో తెలియని పిల్లవాడు తన రాతపలకను చూసుకునే చూపు అది. తరువాత తన అరచేతులు చూసుకున్నాడు.

"అడిగాననే అనుకున్నానండి," అన్నాడు నెమ్మదిగా. "కోణాలమ్మ అబద్ధం ఆడదు. అడుగుదామనుకుని... అడగలేదేమో. ఈ మధ్య అలాగే ఉంటోంది."

ఎవరో వెనకనుంచి నెత్తిమీది కళ్ళజోడు సంగతి ఎత్తారు. ఈసారి నవ్వు రాలేదు. ఇకమీదట మన పనులకు ఇంకొకరిని చూడమని పెద్ద సారు ఇంజినీరుతో అన్నాడు. తాత వినేటట్లే అన్నాడు. తాత తన కత్తెరలను, సుత్తిని గుడ్డలో చుట్టుకుని వెళ్ళిపోయాడు. ఆమె నీళ్ళ సీసా మూత బిగిస్తూ నిలబడిపోయింది. అది ఎప్పుడో బిగిసింది.

మరునాడు ఆమె కంప్యూటరు ముందు కూర్చుని ఉపాయం వెతికింది. వెతకడానికి పావుగంట కూడా పట్టలేదు. పలకలన్నీ అద్దంలో బొమ్మలైనప్పుడు కప్పునే అద్దంలో బొమ్మగా కడితే సరి. చట్రపు ఆకారం రెండు పక్కలా సమానమే. దానికి కొత్తగా రంధ్రాలు వేయాలి. శిఖరం కుడికి బదులు ఎడమకు ఒరుగుతుంది. గాజు పలకలు అవతలివైపుకు పోతాయి కనుక లోపల పిల్లల బల్లలు, పుస్తకాల బీరువాలు చోట్లు మార్చుకోవాలి. ఒక్క పలక కూడా పారవేయనక్కరలేదు.

పెద్ద సారు ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. ఆ తరువాత ఆఫీసులో అందరినీ పిలిచాడు.

"ఆ ముసలాయన చేసిన పాడుపనిని ఈ అమ్మాయి ఎలా ఒడ్డెక్కించిందో చూడండి. బుర్ర అంటే ఇదీ."

చప్పట్లు కొట్టారు. ఎవరో టీ తెప్పించారు. ఆ టీ గొంతు దిగలేదని ఆమె నాతో అన్నది. ఇటువంటి సందర్భాలలో అందరూ అనే మాటే అయినా, ఆమె ఆ టీకప్పును బాత్‌రూములోకి తీసుకుపోయి సింకులో పారబోసి, ఎవరైనా చూస్తారేమోనని కుళాయి విప్పి మరక కడిగిందట. మరక కడిగిన సంగతి చెప్పింది కనుక నేను నమ్మాను.

సాయంకాలం ఇంటికి వచ్చేసరికి తల్లి జాకెట్టు గుడ్డ పరచి సుద్దతో గీస్తోంది. గుడ్డను తిరగవేసి, లోపలివైపున. ఆమె చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏమే, ఎన్నడూ చూడనట్టు గుడ్లప్పగించావు?"

"సుద్దగీత లోపలివైపే ఎందుకు గీస్తావమ్మా?"

"నా బల్ల కింద పెరిగి ఇప్పుడడుగుతున్నావా? మంచివైపు గీస్తే కట్టుకున్నవాళ్ళకి వీపు మీద మచ్చ కనబడదూ! ఇది కుట్టుపనిలో అఆలు."

ఆమె అక్కడే చతికిలబడి అంతా చెప్పింది. ఫోను, సుద్దగీత, గుర్తు లేదన్న మాట, చప్పట్లు. తల్లి వింటున్నంతసేపూ సుద్దముక్కను చేతిలోనే ఉంచుకుంది. చివరకు అడిగింది.

"నేనేం చేస్తానని చెప్పావు వాళ్ళకి?"

"... డిజైనరని."

తల్లి సుద్దముక్కను బల్ల మీద పెట్టింది. గుడ్డ మడత సరిచేసింది. తరువాత తిట్టింది, ఆమె ఎదురుచూసిన దానికి కాదు.

"నన్ను డిజైనర్ని చేశావు, చేసుకో, నాకేం పుండు పడలేదు. నా పేరు దాచడానికి ఒక పెద్దమనిషిని మతిలేనివాణ్ణి చేశావు చూడు, అది మాత్రం నేను నేర్పలేదే తల్లీ. లే. రేపు పొద్దున్నే వెళ్ళు. కాఫీ కూడా వద్దు, ముందు వెళ్ళు."

తాత ఇల్లు మూడో అంతస్తులో, రెండు గదులు. తలుపు తీసిన ముసలావిడ, ఆయన భార్య, ఎవరని అడగకుండానే లోపలికి రమ్మంది. లోపల గోడకు కొత్తగా ఒక కాగితం అతికించి ఉంది. గ్యాసు కట్టానా, తలుపు గడియ వేశానా, మాత్ర మింగానా. ఒక్కొక్క దాని ఎదుటా పెన్సిలు గీతలు. తాత కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. రెండు రోజులుగా గడ్డం గీసుకున్నట్లు లేదు.

"ఆయన ఇల్లు కదలడం లేదమ్మా," అన్నది ముసలావిడ. "దారి మరిచిపోతాడట. మొన్నటిదాకా ఊరంతా చుట్టొచ్చిన మనిషి! పొద్దున లేచి నా పేరు నన్నే అడిగి సరిచూసుకుంటున్నాడు. యాభై ఏళ్ళుగా పిలవని పేరు ఇప్పుడు పిలుస్తుంటే నాకే కొత్తగా ఉంది."

ఆమె కూర్చోలేదు. నిలబడే చెప్పింది.

"తాతా, మీరు అడిగారు. నంబరు మంచివైపా, లోపలివైపా అని అడిగారు. మా అమ్మ సుద్దగీతలాగేనా అని కూడా అడిగారు. నేను ఎప్పటిలాగే అన్నాను. నాకు అంతా గుర్తుంది. అక్కడ అబద్ధం చెప్పాను."

తాత లేచి, గోడ మీది కాగితాన్ని ఒక మూల నుంచి జాగ్రత్తగా ఊడదీశాడు. రేకు మడిచినట్లు నాలుగు మడతలు పెట్టాడు.

"నువ్వు నన్ను వెధవా అని తిట్టి ఉంటే ఊరుకునేవాణ్ణి," అన్నాడు. "పని పోయినా ఊరుకునేవాణ్ణి. రెండు రోజులు, రెండు రోజులు నేను మా అన్నయ్యనైపోయాననుకున్నానమ్మా."

"తప్పయింది తాతా."

"ఆ మాట ఇక్కడ నాకెందుకు? నాకు తెలుసుగా ఇప్పుడు. ఎవరి ముందు అన్నావో వాళ్ళ ముందు అను."

"మీరూ రండి."

"వస్తాను. నాకు దారి తెలుసు." ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆయన భార్య వైపు చూశాడు. ముసలావిడ కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి పోయింది.

అదే మధ్యాహ్నం అదే టార్పాలిన్ కింద, పెద్ద సారు, ఇంజినీరు, చట్రం పనివాళ్ళు అందరూ ఉండగా ఆమె చెప్పింది. బాగా చెప్పలేదు. మొదట ఫోను సంగతి చెప్పి, మధ్యలో ఆగి, మళ్ళీ మొదటినుంచి చెప్పింది. ఎందుకు దాచావని ఇంజినీరు అడిగితే, "మా అమ్మ దర్జీ. మీకు తెలియకూడదనుకున్నాను" అన్నది. విన్నవాళ్ళలో ఒకడికి కూడా అది అబద్ధం ఆడదగినంత సంగతిగా తోచలేదు. వాళ్ళ ముఖాలలో కనబడిన ఆ తెల్లబోవడమే ఆమెను అన్నిటికంటె ఎక్కువ కాల్చింది. ఇంత చిన్నదాని కోసమా! పైగా చట్రం పనివాడొకడు, "మా ఆవిడా కుడుతుందండీ, ఇందులో ఏముంది?" అన్నాడు అమాయకంగా.

పెద్ద సారు ముందుగా తాత వైపు తిరిగాడు. "నేను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. తొందరపడ్డాను" అన్నాడు. తాత తల ఊపాడంతే. తరువాత ఆమెతో అన్నాడు.

"నిన్న నీకు చప్పట్లు కొట్టించాను. అప్పుడైనా నోరు విప్పలేదు."

"లేదండీ."

"ఈ కప్పు పూర్తయ్యేదాకా ఆఫీసు వైపు రావద్దు. ఇక్కడే ఉండి తాతకి నంబర్లు చదివి అందించు."

పద్ధెనిమిది రోజులు ఆమె పరంజా కింద నిలబడి నంబర్లు చదివింది. తాత పైన కూర్చుని అందుకున్నాడు. "నలభై ఒకటి, నంబరు లోపలివైపు." "నలభై రెండు, నంబరు లోపలివైపు." నంబరు ఒక్కటే చదివితే ఆయన చేయి చాపేవాడు కాదు. ఏ వైపో కూడా ఆమె నోటితో అనేదాకా వేచి ఉండేవాడు. రెండువందల పధ్నాలుగు సార్లూ అనిపించాడు. కింద పనివాళ్ళు మొదటి రోజు ముసిముసిగా నవ్వారు. మూడో రోజుకు వాళ్ళకూ అలవాటైపోయింది.

కప్పు నిలిచింది, చక్కగా నిలిచింది. లోపలివైపు తెల్లరంగు రెండు పూతలు పూసినా, రేకులో గుద్దిన అంకెలు మాత్రం మాసిపోలేదు. చదువుకునే పిల్లలు తల ఎత్తి వాటిని ఎంచుతుంటారు. అవి అందం కోసం పెట్టినవని పత్రికలో ఎవరో రాశారు కూడా. ఆమె తల్లి ఒకసారి చూడడానికి వచ్చి, మెడ నొప్పి పుట్టేదాకా చూసి, "అతుకులు బాగా కుదిరాయి. సుద్దే దులపలేదు" అన్నది. తలుపు మీది బోర్డు ఇప్పటికీ ఉంది. ఆఫీసువాళ్ళలో ఇద్దరు ఆవిడ దగ్గరే జాకెట్లు కుట్టించుకుంటున్నారు.

తాత మళ్ళీ పనిలో ఉన్నాడు. మునుపటిలాగే ఆమెను కోణాలమ్మా అని పిలుస్తాడు, మునుపటిలాగే నవ్వుతాడు. ఒక్కటి మాత్రం మారింది. ఇప్పుడు ఆయన ఏ సందేహాన్నీ ఫోనులో అడగడు. బస్సెక్కి ఆఫీసుకు వస్తాడు. చొక్కా జేబులోంచి గీతల పుస్తకం తీసి, తన ప్రశ్నను తన అక్షరాలతో ముందే రాసుకుని వచ్చిన పేజీ తెరిచి, ఆమె బల్ల మీద పెడతాడు.

"నీ చేత్తో రాయమ్మా. కింద సంతకం, తేదీ."

ఆమె రాస్తుంది, ఒక్కొక్క అక్షరం విడివిడిగా. ఆయన కళ్ళజోడు నుదుటి మీది నుంచి దించుకుని, పెదవులు కదుపుతూ రెండుసార్లు చదువుకుంటాడు. ఆయన చదవడం పూర్తయ్యేదాకా ఆమె లేచి నిలబడే ఉంటుంది.